మూత తియ్యని సీసాలు

సోమవారం పొద్దున్నే డైరెక్టరు పిలుస్తున్నాడంటే ఆ మ్యూజియంలో రెండే అర్థాలు. ఎవరో పెద్దమనిషి చూడ్డానికి వస్తున్నాడని ఒకటి, ఎక్కడో కొంప మునిగిందని రెండోది. పెద్దమనుషులు వచ్చే రోజున గేటు తెరవకముందే మెట్లు కడిగేస్తారు. ఆ రోజు మెట్ల మీద శనివారం నాటి దుమ్ము ఉన్నది ఉన్నట్టే ఉంది. పొలుసుల మేడం ఆ దుమ్ము చూసుకుంటూనే పైకి ఎక్కింది.

ఆవిడకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. స్పిరిట్ సీసాల్లో నిలవ ఉంచిన పాముల్ని బయటికి తీసి పొలుసులు లెక్కపెట్టడం ఆవిడ పని. నడుము చుట్టూ ఎన్ని వరసలు, పొట్ట కింద ఎన్ని అడ్డపలకలు, తోక కింద ఎన్ని జతలు. అందులోనూ జెర్రిపోతులంటే ఆవిడే. ఎలకల్ని తినే పొడుగాటి పాము కనిపిస్తే జనం జెర్రిపోతు అనేసి ఊరుకుంటారు. ఆ ఒక్క పేరు కింద తిరిగేవాటిలో ఒకదానికొకటి దూరపు చుట్టరికం మాత్రమే ఉన్నవి బోలెడు. ఏది దేనికి తోబుట్టువు, ఏది ఊరికే పోలికలున్న పరాయిది అని తేల్చడానికే ఈ లెక్కలన్నీ.

డైరెక్టరు బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి ఉంచాడు. ఆయన వెనక గోడ మీద పెద్దసారు ఫోటో ఉంది. పెద్దసారు పోయి రెండేళ్ళయింది. కొండ జెర్రిపోతు అనే కొత్త జాతిని కనిపెట్టినవాడని ఫోటో కింద ఇత్తడి పలక మీద రాసి ఉంటుంది.

"కూర్చోండి. ఇది నేను తప్పు చదువుతున్నానేమో, మీరు చూసి చెప్పండి," అన్నాడు డైరెక్టరు.

అది పై సంస్థవాళ్ళు పంపిన వంశవృక్షం. జన్యువుల్ని పోల్చి గీసింది. మైదానంలో దొరికే మామూలు జెర్రిపోతులకు నల్లచుక్కలు, కొండ జెర్రిపోతులకు ఎర్రచుక్కలు పెట్టారు. కొండది నిజంగా వేరే జాతి అయితే ఎర్రచుక్కలన్నీ తమదైన ఒక కొమ్మ మీద చేరాలి. ఇక్కడ నాలుగు నల్లవాటి మధ్య ఒక ఎర్రది, ఇంకెక్కడో రెండు ఎర్రవాటి పక్కన మూడు నల్లవి. ఆవిడ వేలుతో మొదలు నుంచి చివరల దాకా రెండుసార్లు వెళ్ళొచ్చింది.

"రెండూ ఒకటే పాము," అంది.

"అంతేగా. పేరు వేరన్నాం, పుట్టుక వేరన్నాం. తీరా చూస్తే ఒక తల్లి పిల్లలు." డైరెక్టరు ఒక రాయిని కాస్త పక్కకు జరిపాడు. "ఇందులో నామోషీ ఏం లేదు. శాస్త్రం అన్నాక ఇవాళ ఒకటి అంటాం, రేపు దిద్దుకుంటాం. గొడవంతా ఈ రెండో కాగితంతోనే."

రెండో కాగితం చిన్నది. నిరుడు ఆ సంస్థవాళ్ళు పన్నెండు కొండ జెర్రిపోతుల సీసాలు అరువు పట్టుకెళ్ళారు. పనిలో పనిగా పొలుసులు కూడా లెక్కపెట్టుకున్నారు. మైదానపు జెర్రిపోతుకు నడుము చుట్టూ పంతొమ్మిది వరసలు, కొండదానికి ఎప్పుడూ పదిహేడే అని పెద్దసారు వ్యాసం. నూరు పాముల్ని చూసి రాసిన మాట అది. వీళ్ళు చూసిన పన్నెండింట్లో అయిదింటికి పంతొమ్మిది ఉన్నాయి. అవే అయిదు పాములకు ఇక్కడి రిజిస్టరులో పదిహేడు అని ఉంది.

పొలుసుల మేడం ఆ అయిదు నంబర్ల మీదా వేలు పెట్టి చూసింది.

"నేనూ ఆలోచించాను. పెద్దసారు ఆ వ్యాసం రాసినప్పుడు మీరు ఆయన విద్యార్థి. మీరు లెక్కపెట్టి చెప్పారు, మన సీసాలు చూసుకునే ఆయన చిత్తుకాగితం మీద రాసుకుని రిజిస్టరులోకి ఎక్కించాడు. చిత్తు ఇప్పుడు లేదు. ఎక్కించేటప్పుడు పై వరస అంకె కింద వరసలోకి దిగి ఉంటుంది. ఆయనకు కళ్ళు అప్పటికే కాస్త మసక అయ్యుండొచ్చు. పత్రికకు సవరణ పంపుదాం." అచ్చయిన ఒక కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. "పెద్దసారి మాటకు మచ్చ రాదు, మీకూ రాదు. పామూ చావదు, కర్రా విరగదు. శుక్రవారం లోపల మీ సంతకం కావాలి."

ఆవిడ చదివింది. ఆరు వాక్యాలు. నాలుగో వాక్యంలో సీసాలాయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. ఆ పేరు పక్కనే 'రాతలో జరిగిన పొరపాటు' అని ఉంది.

"ఆయన పేరు అవసరమా?"

"పత్రికవాళ్ళు అడుగుతారు కదా, ఎవరు రాశారని. అయినా ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నాడు. ఆయనకేం నష్టం?"

ఆవిడ కాగితం మడిచి చేతిలో పట్టుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. ఆవిడ భుజాలు తడుముకోలేదు. అంత తెలివి ఉంది.

పాముల గది నేల కింద ఉంటుంది. వెలుతురు తగిలితే పాముల రంగు పోతుందని కిటికీలు పెట్టలేదు. డైరెక్టరుకు సీసాలాయన, ఆవిడకు సీసాల బాబాయి, అప్పటికే పనిలో ఉన్నాడు. సీసా మూత అంచుకు అంటుకున్న పాత వాజిలీన్‌ని గుడ్డతో తుడిచి, కొత్తది వేలికొసతో సన్నగా పూసి, మూత పెట్టి ఒక్క మెలిక తిప్పాడు. ఆ మెలిక ఇంకెవరు తిప్పినా ఆర్నెల్లలో స్పిరిట్ సగానికి దిగిపోతుంది. అందుకే ఆ గదిలో మూత తియ్యాలన్నా పెట్టాలన్నా ఆయనే.

"రామ్మా," అన్నాడు. "పైన అయిపోయిందా?"

"మీకు తెలిసిందా బాబాయి?"

"టీ పట్టుకెళ్ళినవాడు చెప్పాడు. నా పేరు అచ్చులో వేస్తారట కదా." ఇంకో సీసా దగ్గరికి లాక్కున్నాడు. "ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి ఎవరికీ గుర్తు రాలేదు పాపం. పెద్దసారి వ్యాసం చివర కృతజ్ఞతల్లో స్పిరిట్ డబ్బాలు పంపిన కంపెనీ పేరు కూడా ఉంది."

అది ఎత్తిపొడుపో, సరదాయో ఆవిడకు తెలియలేదు. "మీరలా తప్పు రాసి ఉండరు," అంది, నేలకేసి చూస్తూ.

"చేతిరాత నాదేగా," అన్నాడు బాబాయి. మూత మెలిక తిప్పి సీసాని అరలో పెట్టేశాడు.

చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పి ఉంటే సగం బరువు అక్కడే దిగేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఆవిడ పాత రిజిస్టరు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళింది. నూరు వరసలు, ముత్యాల్లాంటి అక్షరాలు, ఎక్కడా ఒక కొట్టివేత లేదు. అరవై రెండో వరస దాకా వేలు తడబడకుండా వెళ్ళింది. అరవై మూడో వరస దగ్గర ఆగింది.

పద్దెనిమిదేళ్ళ కిందటి సోమవారం అది. బుధవారానికల్లా లెక్కలు కావాలని పెద్దసారు చెప్పేశాడు. స్పిరిట్‌లో నాని వేళ్ళ చర్మం ఊడుతోంది. అప్పటిదాకా చూసినవి అరవై రెండు, అన్నీ ఒకే కొండవి, అన్నిటికీ పదిహేడే. మిగిలిన ముప్పై ఎనిమిదీ పక్క కొండలవి. వాటికి మాత్రం వేరే ఏముంటాయిలే అనుకుంది. బాబాయి మామూలుగా ట్రే తుడిచి, తడిగుడ్డ పరిచి, మొదటి సీసా అందుకోబోతుంటే, "బాబాయి, నిన్న ఆదివారం వచ్చి ఇవన్నీ చూసేశాను. కాగితం మీద ఉన్నాయి. చదువుతాను, రాసుకోండి," అంది. ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, ట్రే పక్కన పెట్టి, కలం తీసుకున్నాడు. పదిహేడు, పదిహేడు అని ముప్పై ఎనిమిది సార్లు చదివింది. అన్నీ ఒక్కలాగే ఉంటే అనుమానం వస్తుందని పొట్టపలకలకు మాత్రం తలా ఒక అంకె పుట్టించింది. నూట తొంభై రెండు, నూట ఎనభై తొమ్మిది. మధ్యలో రెండుసార్లు ఆగి, సరిగా కనపడనట్టు కాగితంలోకి తేరిపార చూసింది కూడా. ఆ కాగితం మీద ఏమీ లేదు.

ఇన్నేళ్ళలో ఆవిడ అది మరిచిపోయిందని కాదు. చేతి మీద పుట్టుమచ్చ ఉందని ఎవరు మరిచిపోతారు? కాకపోతే జాకెట్టు చేతులు పొడుగ్గా కుట్టించుకోవచ్చు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ భర్త కళ్ళజోళ్ళ దుకాణం దగ్గర దిగింది. ఆయన చిన్న స్క్రూడ్రైవరుతో ఎవరిదో ఫ్రేము బిగిస్తున్నాడు. ఆవిడ మొహం చూసి స్టూలు ముందుకు తోశాడు.

"ఏమిటి, ఇవాళ పాములే నీ పొలుసులు లెక్కపెట్టాయా?"

ఆవిడ నవ్వలేదు. సవరణ సంగతి చెప్పింది. తన సంగతి వదిలేసి, డైరెక్టరు అన్నదాకానే చెప్పింది.

"మీ సీసాలాయన కళ్ళు మసకా?" భర్త స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "మొన్న వేసవిలో నా దగ్గరికే వచ్చాడుగా. చదువుకోడానికి అద్దాలిచ్చాను, అంతే. ఈ వయసులో కూడా నా బోర్డు మీద చివరి వరస గడగడా చదివాడు. పద్దెనిమిదేళ్ళ కిందట అయితే గద్ద కళ్ళు అయ్యుంటాయి. కావాలంటే నేను కాగితం రాసిస్తాను, మీ డైరెక్టరుకు చూపించు."

"వద్దులే."

"ఎందుకొద్దు? ఆయన మంచివాడు. ఎవరో చేసిన తప్పు ఆయన నెత్తిన రుద్దుతున్నారు. ఎవరై ఉంటారు?"

"తెలీదు," అంది ఆవిడ. ఆ మాట అన్నాక భర్త మొహం చూడలేక, అద్దాల పెట్టెలో ఖాళీ ఫ్రేములు చూస్తూ కూర్చుంది. పదిహేనేళ్ళ కాపురంలో ఆయనతో సరదాకి తప్ప అబద్ధం ఆడలేదని ఆవిడకు ఒక గర్వం ఉండేది. అదీ పోయింది.

మంగళవారం పని అయ్యాక బాబాయి ఇంటికి వెళ్ళింది. ముందు ఆయనకే చెప్పేద్దాం, తరవాత డైరెక్టరుకు చెబుదాం అనుకుంది. దారిలో నాలుగు రకాలుగా మాట కూర్చుకుంది. నాలుగింటిలోనూ తన తప్పు కాస్త చిన్నగా వినిపించింది.

రెండు గదుల ఇల్లు. వీధి వాకిలి పక్కనే కుట్టుమిషను. బాబాయి భార్య మిషను మీద నుంచి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"రండి రండి. మిమ్మల్నే తలుచుకుంటున్నాం. ఆయన పెరట్లో ఉన్నారు, పిలుస్తాను. అమ్మా, ఆయన పేరు అచ్చులో పడేలా మీరే చేశారట కదా."

ఆవిడ చేతులు విడిపించుకుని, వంగి చెప్పులు విప్పింది.

"నాకు చెప్పనే లేదు. నిన్న అన్నం తింటూ అన్నారు, పెద్ద పత్రికలో నా పేరు వేస్తున్నారు, ఊళ్ళు దాటి పోతుంది అని. ఎవరు వేయించారండీ అంటే, మా పొలుసులమ్మాయి అన్నారు." ఆమె కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోబెట్టింది. "ఆ పుస్తకం మాకొకటి ఇస్తారా? మా అల్లుడికి చూపించాలి. మావయ్య సీసాలు కడిగే ఉద్యోగం అంటాడు అతను, నలుగురిలో. మనసులో ఏమీ పెట్టుకోడు, మాట అలాంటిది. అయినా వినడానికి బాగోదు కదా."

"ఇస్తాను," అంది ఆవిడ.

బాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆవిడని చూసి, భార్య వీపు వెనక నుంచి తల అడ్డంగా ఊపాడు, ఏమీ అనొద్దన్నట్టు. టీ వచ్చింది. వేడివేడిగా తాగేసింది, నాలుక కాలింది. పిన్ని మిషను దారం ధరల గురించి, అల్లుడి కొత్త ఉద్యోగం గురించి చెబుతుంటే ఊఁ కొట్టింది.

వీధి చివరిదాకా బాబాయి సాగనంపాడు.

"నువ్వేం అనుకోకమ్మా. ఎలాగూ మనకు రాని భాషలో ఉంటుంది ఆ పత్రిక. అందులో తన మొగుడి పేరు ఒక్కటీ కూడబలుక్కుని చదువుకుంటుంది. ముందేముందో వెనకేముందో ఆమెకెందుకు? చాలు."

"బాబాయి, నేను..."

"బస్సు వస్తోంది చూడు," అన్నాడు.

ఆవిడ బస్సెక్కింది. ఎక్కకుండా ఉండొచ్చు, పది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. కిటికీ పక్కన కూర్చుని, ఇక రేపు చెప్పి తీరాలి అనుకుంది. ఆ నిమిషంలో ఆవిడకు కనిపించింది బాబాయి పరువే అని మనం కూడా నమ్ముదాం. కానీ తన గుండెల మీది బరువు దించుకోవాలన్న తొందర కూడా అందులో సగం ఉంది. ఆ సగం సంగతి ఆవిడకు ఇంకా తెలియలేదు.

బుధవారం పదిన్నరకు డైరెక్టరు గదిలో నిలబడే చెప్పింది. ముప్పై ఎనిమిది సీసాలు తను తియ్యలేదని, అంకెలు కల్పించానని, బాబాయి తను చదివింది చదివినట్టు రాశాడని, తప్పంతా తనదని. కూర్చుకున్న మాటలేవీ పనికి రాలేదు. చెప్పడం అయిపోయేసరికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

డైరెక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పద్దెనిమిదేళ్ళు ఊరుకున్నారు. ఇంకో రెండు రోజులు ఊరుకోలేకపోయారా?"

"ఆయన పేరు పడుతుంటే ఊరుకోలేకపోయాను."

"ఊఁ." కలం తీసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, లెక్క మనిషి. "ఉన్నది ఉన్నట్టు రాద్దాం మరి. ఆయనతో ఏమని చెప్పారు ఆ రోజు?"

"ఆదివారం వచ్చి లెక్కపెట్టానని."

"ఆదివారం." రాయబోతూ ఆగాడు. "లోపలికి ఎలా వచ్చారని చెప్పారు?"

"అర్థం కాలేదు."

"ఆ గదికి తాళంచెవి ఒక్కటే ఉంది. స్పిరిట్ ఉన్న గది అని రెండోది ఇవ్వరు. అప్పుడూ ఇప్పుడూ అది సీసాలాయన దగ్గరే. ఆదివారాలు ఆయన ఇంట్లో ఉంటుంది."

పద్దెనిమిదేళ్ళలో ఆ తాళంచెవి ఆవిడకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తను పొద్దున రాగానే తలుపు తెరిచి ఉండేది. తెరిచేవాడు ఒకడున్నాడన్న ఆలోచన ఎందుకొస్తుంది?

"అంటే ఆయన తెలిసే రాశాడన్నమాట," అన్నాడు డైరెక్టరు మెల్లగా. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? కళ్ళు మసకబారి తప్పు రాశాడంటే అయ్యో పాపం అంటారు, మర్నాటికి మరిచిపోతారు. చూడని లెక్క అని తెలిసీ రాశాడంటే ఏమంటారు?"

"ఆయన పేరు తీసెయ్యండి. నా ఒక్కదాని పేరు వెయ్యండి."

"రిజిస్టరు నిండా ఆయన చేతిరాత. ఆయన పేరు లేకుండా ఆ రాత దొంగరాత అని ఎలా రాయను? నిజం చెప్పమని నేను మిమ్మల్ని అడగలేదు. చెప్పాక సగం రాయమంటే నా వల్ల కాదు." కలానికి మూత పెట్టాడు. "రేపు ఇద్దరూ కూర్చుని ఆ ముప్పై ఎనిమిదీ లెక్కపెట్టండి. అసలు అంకెలు సవరణలో ఇద్దాం. కింద ఇద్దరి సంతకాలూ ఉంటాయి."

కిందికి దిగేసరికి బాబాయి నిచ్చెన మీద ఉన్నాడు. పై అరలో సీసాల మీది దుమ్ము దులుపుతున్నాడు. ఆవిడ నిచ్చెన కింద నిలబడి చెప్పింది. తలెత్తి చెప్పాల్సి వచ్చింది. ఆయన దులుపుతున్న గుడ్డ ఆగింది, తరవాత మళ్ళీ కదిలింది. ఆ అర మొత్తం పూర్తి చేసి దిగి వచ్చాడు.

"చెప్పేశారా," అన్నాడు.

ఆయన ఆవిడని మీరు అనడం అదే మొదటిసారి. అదేమీ గట్టిగా అనలేదు. వినపడీ వినపడనట్టు ఉంది.

"మీకు ఆ రోజే తెలుసా బాబాయి?"

"తాళంచెవి మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. పైగా మూతలు తీసేవాడిని నేను. నేను తియ్యని మూత నాకు తెలియదా?"

"మరి ఎందుకు రాశారు?"

బాబాయి స్టూలు మీద కూర్చుని గుడ్డ మడతపెట్టాడు. నాలుగు మడతలు.

"మీరు చెప్పారు, రాశాను. పిల్ల అలిసిపోయింది, చేతులు ఊడిపోతున్నాయి, పెద్దసారు తరుముతున్నాడు. ఇప్పటికి ఇలా కానిచ్చినా మళ్ళీ తీరిగ్గా చూసుకుంటుంది, తేడా వస్తే చెబుతుంది, దిద్దుకుందాం అనుకున్నాను. ఆ ముప్పై ఎనిమిదీ తీసి కింది అరలో ముందు వరసలో పెట్టాను, చేతికందేలా. ఏడాదిపాటు అక్కడే ఉంచాను." గుడ్డని మోకాలి మీద పెట్టుకున్నాడు. "మీరు వాటిని పక్కకి జరిపి వెనకవాటిని తీసుకునేవారు."

ఆవిడకు గుర్తొచ్చింది. ఎందుకు ఇవెప్పుడూ అడ్డంగా ఉంటాయి అని ఒకసారి విసుక్కుంది కూడా, ఆయన వింటుండగానే.

"మీ పరువు పోకూడదనే చెప్పాను," అంది చివరికి.

"కళ్ళు కనపడనివాడు అనిపించుకోడానికి నేను సిద్ధపడ్డాను మేడం. మా ఆవిడకు కూడా ఒక మాట చెప్పుకున్నాను. ముసలాడికి కళ్ళు పోవడంలో వింతేముంది? ఇప్పుడు తెలిసి తెలిసి దొంగలెక్క రాసినవాడిని. అది అబద్ధం కూడా కాదు. అందుకే అది ఇంకెవరికీ తెలియకూడదనుకున్నాను." ఆయన గొంతు పెరగలేదు. "నన్నొక మాట అడగాల్సింది. ఆ రోజు అబద్ధం చెప్పేటప్పుడు అడగలేదు, సరే, చిన్నపిల్ల. ఇవాళ నిజం చెప్పేటప్పుడైనా అడగొచ్చుగా."

క్షమించమందామనుకుంది. అదీ తన కోసమే అడుగుతున్నట్టనిపించి ఊరుకుంది.

"పిన్నికి ఏమని చెబుతారు?"

"ఏముంది? అచ్చులో పడుతుందన్నాను, పడుతోంది," అన్నాడు బాబాయి. లేచి, రేపటి కోసం ట్రే కడగడానికి వెళ్ళాడు.

గురువారం పొద్దున ఆవిడ వచ్చేసరికి ముప్పై ఎనిమిది సీసాలూ బల్ల మీద వరసగా ఉన్నాయి. ట్రేలో తడిగుడ్డ పరిచి ఉంది. స్టాండుకు భూతద్దం బిగించి ఉంది. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చదువుకునే కళ్ళజోడు మెడలో తాడుకు వేలాడుతోంది. "నమస్తే మేడం," అన్నాడు.

మొదటి సీసా మూత తీశాడు. పద్దెనిమిదేళ్ళకు పైగా కదలని మూత అది, వాజిలీన్ పసుపుపచ్చగా గట్టిపడింది. చాకు మొనతో చుట్టూ తిప్పి, అరచేత్తో అదిమి, మెలిక విప్పాడు. పాము సీసా ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని బిగుసుకుపోయింది. ఆవిడ రెండు చేతుల్లోకి తీసుకుని, విరగకుండా కొంచెం కొంచెంగా సాగదీసి, మెడకు కట్టిన చీటీ నంబరు చదివింది. నడుము మధ్యభాగం అద్దం కిందికి తెచ్చి, పొట్టపలక అంచున పిన్ను ఆనించి, ఏటవాలుగా ఒక్కొక్క పొలుసూ తాకుతూ వీపు మీదుగా అవతలి అంచుకు వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"పంతొమ్మిది," అంది.

కలం కదిలిన చప్పుడు రాలేదు. ఆవిడ తలెత్తింది. రిజిస్టరు బాబాయి ముందు తెరిచే ఉంది, కలం దాని పక్కన మూతతోనే ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుంటున్నాడు.

"ఆ పిన్ను ఇలా ఇవ్వండి మేడం."

ఇచ్చింది. ఆయన స్టూలు దగ్గరికి జరుపుకుని అద్దం మీదికి వంగాడు. మూడు దశాబ్దాలు పక్కన కూర్చుని చూసిన పని, ఆయన చేతికి మాత్రం ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. పిన్ను మొదట కొంచెం తడబడింది, తరవాత తిన్నగా నడిచింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. పూర్తయ్యాక పామును తిప్పి, రెండో పక్క నుంచి మళ్ళీ లెక్కపెట్టాడు.

"పంతొమ్మిది," అన్నాడు.

ఆవిడ చెప్పిందే. అయినా ఆయన కలం అందుకోలేదు. ఆవిడకు అర్థమై, రిజిస్టరు తన వైపు తిప్పుకుని, తనే కలం మూత తీసింది. నంబరు రాసింది, అంకె రాసింది. తన అక్షరాలు ఆయన అక్షరాల కింద గజిబిజిగా కనిపించాయి.

ఆయన పామును స్పిరిట్‌లోకి జాగ్రత్తగా దింపి, కొత్త వాజిలీన్ పూసి, మూత పెట్టి మెలిక తిప్పాడు. చేతులు తుడుచుకున్నాడు. తరవాతి సీసా అందుకోకుండా అలాగే కూర్చున్నాడు.

"ఏం రాశారో ఒకసారి చదవండి," అన్నాడు.

ఆవిడ నంబరు చదివింది. పంతొమ్మిది అని చదివింది. అది చాలదన్నట్టు ఆయన కళ్ళజోడు సవరించుకుని, ముందుకు వంగి, ఆ వరస మీద వేలు పెట్టి తనే చూసుకున్నాడు. చూసుకుని తల ఊపాడు.

"ఊఁ. రెండోది తీస్తున్నాను," అని ఇంకో సీసా దగ్గరికి లాక్కున్నాడు. ఇంకా ముప్పై ఏడు ఉన్నాయి.